చేమంతికి చీకటి కావాలి: ఎర్ర చెలకలో 20 గుంటల సాగు

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు 20 గుంటల (అర ఎకరం) ఎర్ర చెలకలో పసుపు చేమంతి వేసిన రైతు నాలుగు సంగతులు అడిగారు. జులై ఆఖర్లో నాటితే బతుకమ్మకు, దసరాకు ఒక్క పువ్వు కూడా ఎందుకు రాలేదు? పక్క పల్లి చేనులోకి అడవి పందులు రాకుండా గట్టు మీద రాత్రంతా బల్బు వెలిగిస్తే, దాని చుట్టూ ఉన్న మొక్కలు నడుమెత్తు పెరిగి కూడా ఎందుకు మొగ్గ వేయలేదు? కింది ఆకులు నల్లబడి ఎండిపోవడం పైదాకా పాకింది, అది ఏం తెగులు? ఆ మొక్కల పిలకలనే ఈ ఏడు మళ్లీ నాటుకోవచ్చా? సెప్టెంబర్‌లో రెండు బస్తాల యూరియా వేశామని కూడా చెప్పారు. ఆ సంగతి ముఖ్యమే, తర్వాత చెప్తాను.

మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. చేమంతి తన వయసు చూసుకొని పూయదు, రాత్రి ఎంత పొడుగుందో చూసుకొని పూస్తుంది. మన దగ్గర జూన్ 21 ప్రాంతంలో పగలు 13 గంటల పైచిలుకు ఉంటుంది, డిసెంబర్ 21 ప్రాంతంలో 11 గంటల పైచిలుకు. పొద్దు గూకాక ఉండే మసక వెలుగు కూడా మొక్క లెక్కలో పగలే. రాత్రి పొడుగు తన రకానికి సరిపడా పెరిగేదాకా చేమంతి ఆకులు, కొమ్మలు వేసుకుంటూ పోతుంది. ఆ గీత దాటాక కొమ్మ కొనలో ఆకు పుట్టాల్సిన చోట మొగ్గ పుడుతుంది. మన చేలల్లో ఎక్కువగా కనిపించే పసుపు, తెలుపు నాటు రకాలకు ఆ గీత సెప్టెంబర్‌లో, అంటే ఉత్తర కార్తె అటూ ఇటూ వస్తుంది. అక్కడి నుంచి మొగ్గ కట్టి, రంగు తిరిగి, కోతకు రావాలంటే రకాన్ని బట్టి 8 నుంచి 11 వారాలు పడుతుంది. లెక్క వేస్తే నవంబర్, డిసెంబర్ అవుతుంది. దసరా అప్పటికి వెళ్లిపోతుంది.

అందుకే జూన్‌లో నాటినా, ఆగస్టులో నాటినా ఒకే రకం దాదాపు ఒకే కాలంలో పూస్తుంది. తేడా ఎక్కడుందంటే, జూన్‌లో నాటిన మొక్క అప్పటికి గుబురు కట్టి ఉంటుంది, ఆగస్టు మొక్క జానెడుండగానే మొగ్గ వేసుకుంటుంది. రెండు వారాలకు ఒక మడి చొప్పున నాటితే పూలు కూడా రెండు వారాలకు ఒక మడి వస్తాయని చాలామంది అనుకుంటారు. బంతిలో అది చాలావరకు నడుస్తుంది, చేమంతిలో నడవదు. కోత విడతలుగా రావాలంటే తొందరగా పూసే రకం ఒకటి, ఆలస్యంగా పూసేది ఒకటి కలిపి వేసుకోవాలి.

బతుకమ్మ గిరాకీ కోసం అయితే చేమంతిని నమ్ముకోవద్దు, బంతి వేయండి. బంతి నారు నాటిన 50 నుంచి 60 రోజులకు పూలు ఇస్తుంది. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ, అక్కడి నుంచి వెనక్కి రెండు నెలలు లెక్కపెట్టి నాటితే చాలు. చేమంతిని దసరాకు తేవాలంటే రెండు దారులు. ఒకటి, తొందరగా పూసే రకం దొరకాలి. రెండోది, రోజూ సాయంత్రం 5 నుంచి పొద్దున 7 దాకా మడుల మీద నల్ల గుడ్డ కప్పి రాత్రిని పొడిగించాలి. జులై, ఆగస్టు ఉక్కలో ఆ గుడ్డ కింద వేడి నిలిచి మొగ్గ ఇంకా వెనకబడుతుంది, కూలి ఖర్చు వేరే. పాలీహౌస్ వాళ్లకు అది సరే, బయటి చేనుకు దండగ. మన చేమంతి కాలం కార్తీకం, ఆ తర్వాత మార్గశిరం పెళ్లిళ్లు. నాటే తేదీ ఆ లెక్కలోనే పెట్టుకోండి.

ఇక బల్బు సంగతి. రాత్రి మధ్యలో వెలుగు పడితే మొక్కకు అది ఒక పొడుగు రాత్రి కాదు, రెండు పొట్టి రాత్రులు. ఆకులో వెలుగును కనిపెట్టే పదార్థం ఒకటుంది, దాన్ని ఎరుపు కాంతి తట్టి లేపుతుంది. పాత పసుపు బల్బులో ఆ ఎరుపు బాగా ఉంటుంది. బల్బు కింద పేపరు చదవగలిగినంత వెలుగుంటే మొగ్గ ఆగిపోవడానికి అది చాలు. చేనులో గుర్తు పట్టడం తేలిక. స్తంభం దగ్గర మొగ్గే ఉండదు, కొంచెం దూరంలో మొగ్గ ఉంటుంది కానీ ఆలస్యంగా, అడ్డదిడ్డంగా వస్తుంది, ఇంకా దూరంలో మామూలుగా పూస్తుంది. చుట్టూ వలయాలు గీసినట్టు కనిపిస్తుంది. తెగులు ఎప్పుడూ అలా గుండ్రంగా, ఆకు పచ్చగా ఉంచి రాదు. రోడ్డు పక్క చేలల్లో వీధి దీపం కింద, బోరు దగ్గర స్టార్టర్ డబ్బా మీది బల్బు కింద కూడా ఇదే జరుగుతుంది. పందుల కోసం దీపం తప్పదంటే వెలుగు పల్లి చేను వైపే పడేటట్టు వెనక రేకు డొప్ప బిగించండి. చేమంతి మీద నేరుగా పడకపోతే ఇబ్బంది లేదు.

అదే వెలుగును కావాలని వాడుకునేవాళ్లూ ఉన్నారు. అందరి పూలు ఒక్కసారి మార్కెట్‌కు వచ్చి ధర పడిపోయేది నవంబర్, డిసెంబర్‌లో. చేనులో ఒక భాగాన్ని సంక్రాంతికి జరపాలంటే ఆగస్టు ఆఖరు నుంచి రాత్రి 10 నుంచి 2 దాకా దీపాలు పెట్టి, నవంబర్ రెండో వారంలో ఆపేయాలి. 9 వారాల రకం అయితే సంక్రాంతికి అందుతుంది. పదడుగులకు ఒకటి చొప్పున 10 వాట్ల ఎల్ఈడీ బల్బులు, మొక్కల తలల పైన ఐదారడుగుల ఎత్తున ఉండాలి. నీలం ఛాయ తెలుపు కాకుండా పసుపు ఛాయ వెలుగు తీసుకోండి. మధ్యలో వరసగా నాలుగైదు రాత్రులు కరెంటు పోతే కొన్ని కొమ్మలు మొగ్గకు తిరిగిపోతాయి, పూత కలగాపులగం అవుతుంది. మొదటిసారి రెండు గుంటలకు మించి చేయొద్దు.

ఇప్పుడు సాగు. ఎర్ర చెలక, దుబ్బ నేలలు చేమంతికి బాగుంటాయి, ఎందుకంటే నీళ్లు నిలవవు. నల్లరేగడిలో వానాకాలం గడవడమే కష్టం. చేమంతి వేరు పైపైనే ఉంటుంది, ఒక్క రోజు నీళ్లు నిలిస్తే చాలు, ఊపిరాడక కుళ్లు మొదలవుతుంది. కాబట్టి ఎర్ర నేలైనా ఎత్తు మడులే కట్టండి. మడి నడుమ నుంచి నడుమకు 4 అడుగులు, ఎత్తు అర అడుగుకు తగ్గొద్దు, మడి మీద రెండు సాళ్లు, సాలులో మొక్కకు మొక్కకు అడుగు. ఈ లెక్కన 20 గుంటలకు 11,000 మొక్కలు పడతాయి, సందులు నింపడానికి ఇంకో 500 పెట్టుకోండి. పుస్తకాల్లో అడుగుకు అడుగు చొప్పున ఎకరాకు 44,000 దాకా రాస్తారు. రెండుసార్లు తల తుంచి గుబురు చేసే మొక్కకు ఆ దూరం వానాకాలంలో చాలదు, గాలి ఆడక ఆకుమచ్చ చేనంతా అంటుకుంటుంది.

ఆఖరి దుక్కిలో 20 గుంటలకు 5 టన్నుల చివికిన పశువుల ఎరువు. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు, చెదలు తెచ్చుకున్నట్టే. దాంతోపాటు 3 బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 100 కిలోల వేపపిండి. కుళ్లు తెగుళ్లను అణిచే మేలు బూజు ట్రైకోడెర్మా 2 కిలోలను 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీళ్లు చిలకరించి, గోనెపట్టా కప్పి నీడలో వారం పది రోజులు ఉంచాలి. తెల్లటి, ఆకుపచ్చటి బూజు అల్లుకున్నాక మడుల మీద చల్లుకోవచ్చు. పోయిన పంట పల్లి అయి, దాంట్లో మొదలు కుళ్లు కనబడి ఉంటే ఈ పని మాత్రం ఎగ్గొట్టొద్దు, పల్లిని కుళ్లబెట్టిన ఆ తెగులు చేమంతి మొదలుకు కూడా పడుతుంది.

నాటేది ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో, అంటే జూన్ ఆఖరు నుంచి జులై మూడో వారం లోపు. నాటిన 25 నుంచి 30 రోజులకు, మొక్క జానెడు ఎత్తులో ఉన్నప్పుడు, కొనను రెండాకులతో సహా గోటితో తుంచాలి. కింద ఐదారు ఆకులు మిగలాలి. ఆ ఆకుల సందుల్లో నుంచి నాలుగైదు పక్క కొమ్మలు వస్తాయి, అవి జానెడు పెరిగాక వాటి కొనలు కూడా తుంచాలి. రెండో తుంచుడు ఆగస్టు ఆఖరు లోపు, మఘ కార్తె దాటకుండా అయిపోవాలి. సెప్టెంబర్‌లో తుంచితే మీరు తీసేది కొమ్మను కాదు, కనబడని మొగ్గను. జులై ఆఖర్లో నాటిన మీ చేనులో ఒక్క తుంచుడుకే టైం ఉంది. ఆలస్యంగా నాటినవాళ్లకు దిగుబడి పోయేది ముఖ్యంగా ఇక్కడే.

యూరియా విషయానికొస్తే, 20 గుంటలకు మొత్తం పంటకు 55 కిలోలు సరిపోతుంది. ఒక బస్తా మీద పది కిలోలన్నమాట. దాన్ని నాటిన 20 రోజులకు ఒక విడత, మొదటి తుంచుడు తర్వాత ఒకటి, రెండో తుంచుడు తర్వాత ఒకటి చొప్పున మూడు భాగాలుగా ఇచ్చి, సెప్టెంబర్ మొదటి వారంతో ఆపేయాలి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 33 కిలోలు, సగం దుక్కిలో, సగం రెండో తుంచుడప్పుడు. సెప్టెంబర్‌లో ఒకేసారి రెండు బస్తాలు పడితే మొక్క మళ్లీ ఆకు మీదికి మళ్లుతుంది, కొమ్మ మెత్తబడి వానకు పడిపోతుంది, పేనుబంకకు, తామర పురుగుకు పిలిచి విందు పెట్టినట్టు. దీపానికి దూరంగా ఉన్న మొక్కల్లో కూడా పూలు పలచగా వచ్చాయంటే కారణం ఈ యూరియా, ఆ ఆలస్యపు నాటు రెండూ.

మొక్క ఎదుగుదలను పెంచే మందు జిబ్బరెల్లిక్ ఆమ్లం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. 50 పీపీఎం, అంటే 20 లీటర్ల నీళ్లకు 1 గ్రాము, నాటిన 30, 45, 60 రోజులకు కొట్టమని సిఫారసు ఉంది. పొడిని ముందు కొంచెం స్పిరిట్‌లో కరిగించి నీళ్లలో పోయాలి, నేరుగా నీళ్లలో వేస్తే సరిగ్గా కరగదు. తల తుంచకుండా ఇది కొడితే మాత్రం మొక్క వెదురులా సాగుతుంది.

బోరు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించండి. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, చేమంతి విషయంలో ముందు చూడాల్సింది ఉప్పు, సున్నం. ఆకు అంచులు గోధుమ రంగులో కాలినట్టుంటే ఉప్పు. కొత్త ఆకులు పసుపయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొడితే తేరుకుంటుంది. దానికి యూరియా వేసి లాభం లేదు. డ్రిప్‌లో రోజూ కొంచెం కొంచెం ఇచ్చేదానికన్నా, మడి పైమన్ను ఆరనిచ్చి తడపడం మేలు.

తెగులు. మీరు చెప్పిన గుర్తులు ఆకుమచ్చవి. కింది ఆకుల మీద ముందు పసుపు చుక్క, అది గోధుమ, నలుపు మచ్చ అవుతుంది, మచ్చలు కలిసిపోయి ఆకు నల్లబడి కాడకు వేలాడుతుంది కానీ రాలదు. వాన చినుకు నేలను కొట్టి చిమ్మినప్పుడల్లా ఒక మెట్టు పైకి ఎక్కుతుంది, అందుకే ఎండు కింది నుంచి పైకి పాకుతుంది. ఎండు తెగులుతో దీన్ని పొరబడతారు. ఒక మొక్క పీకి, మొదలు దగ్గర కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల తెల్లగా ఉంటే ఆకుమచ్చ. గోధుమ చార ఉంటే ఎండు తెగులు, ఆ మొక్కను మన్నుతో సహా తీసి కాల్చేయడమే, మందు కొట్టి బతికించలేరు. చుట్టుపక్కల మొక్కల మొదళ్లలో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయండి.

ఆకుమచ్చకు, మొదటి మచ్చ కనబడగానే నేలను తాకే కింది మూడు నాలుగు ఆకులు ఏరి చేను బయట కాల్చాలి. తర్వాత లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్, 10, 12 రోజులకు లీటరుకు 2 గ్రాముల క్లోరోథలోనిల్, ఇలా మార్చి మార్చి, జిగురు మందు కలిపి, ఆకు అడుగు భాగం తడిసేటట్టు కొట్టాలి. ఆకంతా నల్లబడ్డాక కొట్టే మందు ఎండిన ఆకు మీద డబ్బు చల్లడమే. మల్చింగ్ షీటు పరిచిన మడుల్లో ఈ తెగులు సగానికి సగం తగ్గడానికి కారణం మన్ను చిమ్మకపోవడం. షీటు కొనలేకపోతే వరిగడ్డి పలచగా పరిచినా పని జరుగుతుంది, చెదలు చూసుకోవాలి. స్ప్రింక్లర్‌తో తడిపేవాళ్లు మాత్రం ఎన్ని మందులు కొట్టినా ఈ తెగులును వాళ్ల నీళ్లే పెంచుతుంటాయి.

పురుగుల్లో అక్టోబర్ నుంచి నల్ల పేనుబంక లేత కొనలకు పడుతుంది, ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 0.3 మి.లీ. తామర పురుగు మొగ్గలో దూరితే రేకులు వంకర తిరిగి అంచులు మాడతాయి, రంగు తిరగకముందే ఫిప్రోనిల్ 2 మి.లీ. లేదా స్పైనోసాడ్ 0.3 మి.లీ. కొట్టాలి. శనగపచ్చ పురుగు మొగ్గకు బొక్క పెడితే ఎమామెక్టిన్ బెంజోయేట్ 0.4 గ్రాములు. పూలు విచ్చాక మాత్రం పంపు పక్కన పెట్టండి. తేనెటీగల సంగతి అటుంచి, మందు చుక్క పడిన తెల్ల రేకు మీద మచ్చ పోదు, ఆ పూలకు ధర రాదు.

కోతలో ఒక్క మాట. పువ్వు పూర్తిగా విచ్చాక, నడుమ బొడ్డు ముదరకముందు కోయాలి. నిజానికి ఒక్కో చేమంతి వందల చిన్న పూల గుత్తి, బొడ్డులోవి విచ్చి పుప్పొడి రాల్చడం మొదలైతే బయటి రేకులు వాడుతున్నట్టే. నవంబర్, డిసెంబర్‌లో మంచు తడి ఉండగా కోసి సంచిలో కుక్కితే లోపల వేడెక్కి హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ చేరేసరికి నల్లబడతాయి. తెల్లవారుజాము మార్కెట్‌కు ముందు రోజు మధ్యాహ్నం తర్వాత కోసి, నీడలో గంటసేపు పలచగా ఆరబోసి, గాలి ఆడే సంచుల్లో వదులుగా నింపడం మంచిది. నాలుగైదు రోజులకు ఒక కోత చొప్పున రెండు నెలలు సాగుతుంది. పైవన్నీ కుదిరితే 20 గుంటలకు 2 నుంచి 3 టన్నులు ఆశించొచ్చు.

చివరిగా పిలకలు. పిలక అంటే తల్లి మొక్కే, మంచీ చెడూ రెండూ దాంతోపాటు వస్తాయి. ఆకుమచ్చ పట్టిన చేను పిలకల కింది ఆకుల మీద ఆ తెగులు అప్పటికే ఉంటుంది. అంతకన్నా పెద్ద భయం మొక్కను మరుగుజ్జుగా మార్చే ఒక రోగం, అది రసం ద్వారా, కత్తిరించే కత్తి ద్వారా కూడా పాకుతుంది. ఆకు మీద మచ్చ ఉండదు, మొక్క పొట్టిగా, పువ్వు చిన్నగా ఉంటుంది, రైతు నేలను తప్పు పడతాడు. మూడు నాలుగేళ్లు అదే చేను పిలకలు వాడిన చోట దిగుబడి ఏటేటా తగ్గడానికి ఇదొక కారణం.

కాబట్టి పిలకలను నేరుగా చేనులో నాటకుండా, వాటిని తల్లి మడిలో పెంచి కొనలు తీసుకోండి. జనవరి, ఫిబ్రవరిలో కోతలు అయ్యాక ఎంచుకున్న మొక్కలను నేల నుంచి జానెడు ఎత్తులో కోసేసి, కొత్త మడిలోకి మార్చి, 50 శాతం నీడ వల కింద ఎండాకాలం దాటించాలి. మే ఆఖర్లో రెండు మూడు అంగుళాల కొనలను, మొగ్గ లేనివి చూసి కత్తిరించాలి. ఒక్కో తల్లి మొక్కకు కత్తిని బ్లీచ్ కలిపిన నీళ్లలో ముంచి తుడవాలి, ఆ మరుగుజ్జు రోగానికి స్పిరిట్ చాలదు. కింది ఆకులు తీసి, అడుగును వేరు పుట్టించే ఐబీఏ పొడిలో అద్ది, కోకోపీట్ నింపిన 98 గుంతల ప్రోట్రేల్లో గుచ్చితే రెండు మూడు వారాలకు వేరు పడుతుంది. 11,500 నారుకు 120 ట్రేలు చాలు. కొత్త రకం కావాలంటే రాజేంద్రనగర్ పూల పరిశోధన కేంద్రంలో అడిగి, మీ చేనులో ముందు ఒక సాలు వేసి ఎప్పుడు పూస్తుందో తేదీ రాసుకోండి.

తల్లి మొక్కలను ఎంచాల్సింది మాత్రం జనవరిలో కాదు, చేను నిండా పూలున్నప్పుడు. నిండుగా, ఒకే సైజులో పూసిన మొక్కలు ఒక 200 చూసి, మొదలుకు ఎర్ర దారం కట్టి పెట్టండి. పూలు అయిపోయి కొమ్మలు కోసేశాక ఏది మంచిదో, ఏది మరుగుజ్జో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.